పొట్లం కట్టిన బ్లేడు

రేడియో పిన్ని నోట్లో నువ్వుగింజ నానదని ఆ వీధిలో అందరికీ తెలుసు. తెలిసీ అందరూ ఆవిడ దగ్గరికే వెళ్లి తల అప్పగించేవారు. జుట్టు బాగా కత్తిరిస్తుందని వెళ్లేవారా, కబుర్లు బాగా చెబుతుందని వెళ్లేవారా అంటే ఏం చెప్పగలం? ఆవిడ దగ్గర రెండూ కలిపే దొరికేవి, విడివిడిగా ఇచ్చేది కాదు. సొంత అక్క కూతురంటూ ఒక్కతీ లేకపోయినా వీధంతటికీ పిన్నే.

సెలూన్ అంటే ఒకటే గది. రెండు కుర్చీలు, గోడంత అద్దం, వెనక గోడవారన చిరిగిన రెగ్జిను బెంచీ, మూలన తల కడిగే తొట్టి. పక్క గదిలో ఆవిడ ఆడపడుచు కుట్టుమిషను పెట్టుకుని, వదులైన బట్టలు బిగించి, బిగుతైనవి వదులు చేసి ఇస్తుంది. రెండు గదులకీ మధ్య ఒక కర్టెన్. పిన్ని భర్త పోయి చాలాకాలమైంది. వదినా మరదళ్లిద్దరూ ఒకరినొకరు సాధించుకుంటూ సుఖంగానే బతికేస్తున్నారు. వాళ్లిద్దరికీ ఒకటే తేడా. పిన్ని ఎవరూ అడక్కపోయినా ఉప్పూ కారం అద్ది మరీ చెబుతుంది. ఆడపడుచు, అంటే పిన్నికి వదిన, అడిగితేనే చెబుతుంది గానీ, ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది. ఈ రెండు రకాల్లో ఏది ఎక్కువ ప్రమాదమో కథయ్యాక మీరే తేల్చుకోండి.

కిందటేడు వానల్లో ఒక సాయంత్రం కళ్లద్దాల అమ్మాయి జుట్టు కత్తిరించుకోవడానికి వచ్చింది. వీధి చివర కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తుంది కాబట్టి ఆ పేరు. నిజానికి ఆ పిల్లకి కళ్లద్దాలు లేవు. వెంట లిఫ్టు మెకానిక్ కూడా వచ్చాడు. ఇద్దరూ పెళ్లి చేసుకోబోతున్నారని వీధికి చాటింది పిన్నే, ఆ సంగతి వాళ్లిద్దరూ ఇంకా అనుకోకముందే.

పిన్ని అప్పుడు ఒక టీచరమ్మ తల ఆరబెడుతోంది. బెంచీ మీద ఆ పిల్ల అతనికేదో చెబుతోంది. చాలాసేపు చెప్పింది. అద్దంలో పెదాలు కదలడం కనబడుతోంది గానీ ఒక్క ముక్క వినబడితే ఒట్టు. పిన్ని డ్రయ్యర్ పాతది, దాని మోతకి వీధిలో కుక్కలు కూడా పక్కకి తప్పుకుంటాయి. పిన్ని ప్రాణం ఎంత కొట్టుకుందో ఆ దేవుడికే తెలియాలి. టీచరమ్మ జుట్టేమో చిక్కటి అడవి, ఎంతకీ ఆరదు. చివరికి డ్రయ్యర్ ఆపేసరికి బెంచీ మీద మాటలు కూడా ఆగిపోయాయి. అతని మొహంలో నెత్తురుచుక్క లేదు. ఆ పిల్ల మాత్రం లేచొచ్చి కుర్చీలో కూర్చుని, "మెడ మీద బాగా పైకి తియ్యి పిన్నీ" అంది.

కత్తెరపని అయ్యాక పిన్ని ఎప్పటిలాగే కొత్త బ్లేడుని సగానికి విరిచి కత్తికి తగిలించి మెడ మీద గీసింది. ఆ పిల్ల ఎందుకో ఉలిక్కిపడింది. చిన్న గాటు పడింది, చీమ తలకాయంత నెత్తురు. ఇలాంటివి సెలూన్‌లో మామూలే. పిన్ని దూది కోసం చెయ్యి చాపేలోగా బెంచీ మీది మనిషి ఒక్క గెంతులో వచ్చిపడ్డాడు. తన రుమాలు మడిచి ఆ పిల్ల మెడకి అదిమిపెట్టాడు. తర్వాత పిన్ని చెయ్యి పట్టుకుని, వేళ్లు ఒక్కొక్కటీ వెలుతురుకి తిప్పి చూశాడు.

"మీకెక్కడా తెగలేదు కదండీ?"

"నాకెందుకు తెగుతుంది నాయనా? ముప్పై ఏళ్లుగా ఇదే పని."

"ఆ బ్లేడు ఇలా ఇవ్వండి."

"ఎందుకూ?"

అతను కత్తికున్న ఆ సగం బ్లేడు తనే జాగ్రత్తగా ఊడదీసి, బెంచీ మీది పాత పత్రికలోంచి కాగితం చింపి, పొట్లం కట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆ పిల్ల అద్దంలోంచి అతన్నే చూస్తోంది. కళ్లనిండా నీళ్లు, మొహం మాత్రం నవ్వుతోంది. పిన్ని తలకాయ ఆ క్షణమే వెయ్యి చెక్కలయింది.

సగం బ్లేడు! వాడేసిన సగం బ్లేడుని ఎవడైనా జేబులో పెట్టుకుపోతాడా?

కారణం తెలియకపోతే పిన్నికి అన్నం సహించదు. తెలియనప్పుడు తనే ఒకటి అల్లుకుంటుంది. మొదటి రోజు, ఆ అబ్బాయి మారువేషంలో వచ్చిన ఆరోగ్యశాఖ ఇన్‌స్పెక్టరనీ, బ్లేడు పరీక్షకి పట్టుకెళ్లాడనీ చెప్పింది. అది ఎవరూ నమ్మకపోయేసరికి, చేతబడి చేసేవాళ్లకి నెత్తురంటిన ఇనుము కావాలట అంది. తర్వాత అది ప్రేమ కథయింది: "దాని నెత్తురుబొట్టు కూడా నేల మీద పడనివ్వలేదే తల్లీ, గుండెల మీద పెట్టుకుపోయాడు!" ఒకసారి ఎవరూ లేకుండా చూసి వదినతో, "నా వేళ్లు పట్టుకుని అలా చూశాడంటే, ఏమో వదినా, నన్ను చూడ్డానికే బ్లేడు వంక పెట్టాడేమో" అని కూడా అంది. వదిన మిషను ఆపి పిన్నిని నెత్తినుంచి కాళ్లదాకా చూసి మళ్లీ మిషను తొక్కుకుంది.

వాళ్లిద్దరికీ పెళ్లయింది. గది తీసుకున్నారు. బ్లేడు కథ కూడా పాతబడింది.

ఈ ఏడాది వానలు మొదలయ్యే ముందు కళ్లద్దాల అమ్మాయిని పోలీసులు పట్టుకెళ్లారు. ఆ పిల్లకి హెచ్.ఐ.వి. ఉందనీ, మొగుడి దగ్గర దాచిపెట్టిందనీ, మొగుడే ఫిర్యాదు చేశాడనీ గంటలో వీధంతా గుప్పుమంది. ఈ ఒక్కసారీ ఆ వార్త మోసింది పిన్ని కాదు. ఆవిడ విని, కుర్చీలో తనే కూలబడింది. తర్వాత కొన్నాళ్లకి ఆ పిల్ల తరఫు వకీలమ్మ వెతుక్కుంటూ సెలూన్‌కి వచ్చింది. జుట్టు కత్తిరించుకోవడానికి కాదు, అడగడానికి. వచ్చిందే గానీ పిన్ని ముందు ప్రశ్నలు వెయ్యడం ఎవరి తరం? మొదలుపెట్టింది పిన్నే.

"అసలు నేరమేమిటమ్మా?"

"తనకి ఆ వైరస్ ఉందని తెలిసి, ఎదుటి మనిషికి చెప్పకుండా కాపరం చెయ్యడం. ఇక్కడి చట్టం ప్రకారం జైలు. కొన్నేళ్ల శిక్ష పడుతుంది."

"అయ్యో! అబ్బాయికి అంటుకుందా?"

"లేదండి. పరీక్ష చేశారు. నిక్షేపంలా ఉన్నాడు."

"ఈ పిల్ల మందులు మింగట్లేదా?"

"ఎప్పటినుంచో మింగుతోంది. రక్తంలో ఆ వైరస్ వెతికినా దొరకనంత తగ్గిపోయింది. అలా ఉన్నన్నాళ్లూ కాపరం వల్ల ఎదుటివాళ్లకి అంటదని డాక్టరమ్మ కోర్టులో చెప్పింది కూడా."

"మరి అంటనిదానికి జైలేమిటి?"

"చట్టం రాసిన రోజుల్లో ఈ మందులు లేవు పిన్నిగారూ. అంటిందా లేదా అని అది అడగదు. తెలుసా, చెప్పావా అని రెండే అడుగుతుంది."

పిన్ని కత్తెర పక్కన పెట్టింది. ఆవిడ బుర్రలో ఏదో గీరుకుంటోంది. "ఉండమ్మా. ఇంకొకడున్నాడనుకో. వాడికీ ఉంది. కానీ పరీక్ష చేయించుకోలేదు. ఊరంతా తిరుగుతున్నాడు. వాడి సంగతో?"

"తెలియదు కాబట్టి నేరం లేదు."

"బాగుంది వరస! పరీక్ష చేయించుకుని బుద్ధిగా మందులు మింగేదానికి జైలూ, కళ్లు మూసుకున్నవాడికి ఊరేగింపూనా? ఇలాగైతే ఇంకెవరు చేయించుకుంటారమ్మా పరీక్ష?"

"నేనూ అదే అడుగుతున్నాను, ఇంకా ఎవరూ చెప్పలేదు" అని వకీలమ్మ చిన్నగా నవ్వింది. "మన కేసులో ఇబ్బంది వేరు. ఆ అమ్మాయి చెప్పానంటోంది. పెళ్లికి ముందే, మీ సెలూన్‌లో, ఆ బెంచీ మీద."

పిన్ని బెంచీ వంక చూసింది.

"ఇంట్లో చెబితే అరుస్తాడేమో, పార్కులో చెబితే లేచిపోతాడేమో అని భయపడిందట. మీ దగ్గరైతే గొడవ చెయ్యడు, పైగా పిన్ని చెవిన పడకుండా ఉండదు, రేపు ఎవరైనా చెప్పలేదంటే సాక్ష్యం ఉంటుంది అనుకుందట. మీరు విన్నారా?"

ఏం చెబుతుంది? వీధిలో ఎవరింట్లో గిన్నె పడినా వినబడే చెవి అది. ఆ ఒక్క సాయంత్రం డ్రయ్యర్ పాలైంది. "మరి వాడెందుకు చెప్పలేదంటున్నాడు?" అని ఎదురు అడిగింది, జవాబు తప్పించుకోవడానికి.

"వాళ్లమ్మ వచ్చి ఉన్నప్పుడు మందులు చూసింది. నీకు తెలిసే చేసుకున్నావా అని నిలదీసింది. తెలియదన్నాడు. ఆవిడ భయానికి అన్నాడో, సిగ్గుపడి అన్నాడో. ఆ ఒక్క మాట పట్టుకుని వాళ్లన్నయ్య స్టేషన్‌కి లాక్కెళ్లాడు. ఇప్పుడు వెనక్కి తీసుకోవాలంటే అమ్మ ముందు అబద్ధాలకోరు కావాలి, పోలీసుల ముందు దొంగ ఫిర్యాదుదారు కావాలి."

పిన్ని ఊరికే ఉండలేక కత్తి చేతిలోకి తీసుకుని, అలవాటుగా కొత్త బ్లేడు విరిచింది. టిక్కుమంది. ఆ చప్పుడుకి ఆవిడ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఓరి నా బుర్ర తగలెయ్యా!" అంది. "అందుకా పట్టుకెళ్లాడు!"

ఏడాదిగా విడని ముడి ఒక్కసారి విడిపోయింది. నా వేళ్లు చూసింది అందుకా! రుమాలు అందుకా! అంటే అతనికి అప్పటికే తెలుసు. బెంచీ మీదే తెలిసింది. పిన్ని చెబుతూ ఉంటే వకీలమ్మ కుర్చీ అంచుకి జరిగి కూర్చుంది.

ఆవిడ వెళ్లాక కర్టెన్ పక్కకి జరిగింది. వదిన.

"విన్నానని చెప్పేస్తావా ఏమిటి?"

"చెబితే తప్పేముంది? ఆ పిల్ల చెప్పే ఉంటుంది. ఒక్క మాట కలిపితే బయటపడుతుంది. జన్మంతా కలుపుతూనే ఉన్నాను, ఇదో లెక్కా?"

"నువ్వు కలిపావని ఇట్టే తెలిసిపోతుందే. నీ మాట ఎవరు నమ్ముతారు?"

వదిన ఉన్నమాటే అంది. అయినా పిన్నికి ఒళ్లు మండింది. నేల మీద జుట్టు ఊడ్చినంతసేపూ గొణుక్కుంటూనే ఉంది. మండింది వదిన మీద కాదు. తన మాటకి విలువ లేకుండా చేసుకున్నది తనే కదా, అది గుర్తొచ్చి మండింది.

కోర్టు రోజున పిన్ని జుట్టు తనే దువ్వుకుని, ముదురు రంగు బట్టలు కట్టుకుని వెళ్లింది. హాలు సెలూన్ కంటే పెద్దది గానీ అద్దం లేదు. ఎదురుగా ఉన్నవాళ్ల మొహాలు తిన్నగా చూడాల్సి రావడం ఆవిడకి కొత్త. కళ్లద్దాల అమ్మాయి సన్నబడిపోయింది. మెకానిక్ ముందు బల్ల మీద తల వంచుకుని ఉన్నాడు, ఒక పక్క అన్న, ఒక పక్క తల్లి. వదిన వెనక వరసలో కూర్చుంది.

వకీలమ్మ అన్నీ అడిగి, చివరికి ఆ ప్రశ్నకి వచ్చింది. "బెంచీ మీద వాళ్లేం మాట్లాడుకున్నారో మీరు విన్నారా?"

ఆ పిల్ల తలెత్తి పిన్ని వంక చూసింది. పిన్ని నాలుక మీద 'విన్నాను' సిద్ధంగా ఉంది. ఎంత తేలికైన మాట! దానికి మంచి మంచి వివరాలు కూడా ఆవిడ అప్పటికే అల్లి పెట్టుకుంది. అన్నీ మింగేసింది.

"వినలేదమ్మా" అంది. "డ్రయ్యర్ మోత. చూసింది మాత్రం చెబుతాను." చెప్పింది. గాటు, రుమాలు, వేళ్లు, బ్లేడు, పొట్లం, జేబు. ఉప్పు లేదు, కారం లేదు. చెబుతుంటే తన కథ తనకే చప్పగా, చాలా పొట్టిగా ఉన్నట్టనిపించింది.

సర్కారు వకీలు లేచాడు. మనిషి మర్యాదస్తుడే, అదే భయం.

"మిమ్మల్ని వీధిలో ఏమని పిలుస్తారు?"

"పిన్ని అంటారు బాబూ."

"పూర్తిగా చెప్పండి."

"రేడియో పిన్ని."

హాల్లో నవ్వులు. ఆయన నవ్వలేదు. "ఈ బ్లేడు గురించి మీరు కిందటేడు వీధిలో ఏమేం చెప్పారో పోలీసులు కనుక్కున్నారు. ఆరోగ్యశాఖ ఇన్‌స్పెక్టర్ పరీక్షకి తీసుకెళ్లాడన్నారు. అవునా? చేతబడికి తీసుకెళ్లాడన్నారు. ప్రేమకి గుర్తుగా దాచుకున్నాడన్నారు." ఆయన ఇంకో కాగితం తిప్పాడు. "మిమ్మల్ని చూడ్డానికి వంక పెట్టాడని కూడా అన్నారు."

ఈసారి నవ్వులు చూరు ఎగిరేలా వచ్చాయి. ఆ చివరిది చెప్పింది ఒక్క మనిషితోనే. పిన్ని వెనక వరస వంక చూసింది. వదిన కళ్లు దించుకుంది. పోలీసులు అడిగి ఉంటారు, చెప్పి ఉంటుంది. అడిగితే చెప్పకుండా ఉండలేదు మహాతల్లి. పిన్నికి చెవులు వేడెక్కిపోయాయి. భూమి చీలితే దూరిపోదును అనిపించింది.

"వీటిలో ఏది నిజం?"

"ఏదీ కాదు బాబూ."

"అంటే అన్నీ మీరు అల్లినవే."

"అల్లినవే. ఎందుకు పట్టుకెళ్లాడో తెలియక కడుపుబ్బిపోయి రోజుకొకటి అల్లాను. ఆ కారణాలన్నీ నావే, కాదనను. బ్లేడు మాత్రం నేను అల్లలేదు. అల్లేదాన్నే అయితే, ఇలా ఎందుకో తెలియని కథ అల్లుకుంటానా?"

అంతవరకూ ఏదో రాసుకుంటున్న జడ్జిగారు కలం ఆపింది. "ఈ కథలు ఎప్పుడు చెప్పినవి?" అని సర్కారు వకీలుని అడిగింది.

"కిందటి వానాకాలంలోనండి."

"ఫిర్యాదుకి చాలా ముందన్నమాట. అన్నిట్లోనూ ఈ ఫిర్యాదుదారు బ్లేడు పొట్లం కట్టి తీసుకెళ్లడం ఉందా?"

ఆయన కాగితాలు తిరగేశాడు. కొంచెం ఆలస్యంగా, "ఉందండి" అన్నాడు.

ముందు బల్ల మీద మెకానిక్ చెయ్యి దానంతటదే చొక్కా జేబు మీదికి పోయింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడని సామెత ఊరికే పుట్టలేదు. అది చూసింది పిన్ని ఒక్కతే. చూసి ఊరుకుంటే ఆవిడ పిన్ని ఎలా అవుతుంది? ఏడాదిగా నిద్రలో కూడా వెంటాడిన ప్రశ్న ఆవిడ ప్రమేయం లేకుండానే నోట్లోంచి దూకేసింది.

"ఇంతకీ ఆ బ్లేడు ఏం చేశావు నాయనా?"

"సాక్షులు ప్రశ్నలు అడగకూడదు" అంది జడ్జిగారు.

అప్పటికే ఆలస్యమైపోయింది. సెలూన్‌లో పిన్ని అడిగితే ఎవరైనా ఎలా చెప్పేస్తారో, అతనూ అలాగే తలెత్తి చెప్పేశాడు. "మూత ఉన్న సీసాలో వేసి బిగించి పారేశానండి. చెత్త ఏరేవాళ్లకి గుచ్చుకుంటుందేమోనని..."

అని ఆగిపోయాడు. తానేమన్నాడో తన చెవులకి అప్పుడు వినబడింది. అన్న అతని మోచెయ్యి పట్టుకున్నాడు. తల్లి మాత్రం కొడుకు మొహంలోకే చూస్తూ, "నీకు తెలుసా?" అంది. ఇంట్లో అడిగిన మాటే మళ్లీ అడిగింది.

అతను ఏడ్చేశాడు. "తెలుసమ్మా" అన్నాడు.

కేసు నిలబడలేదు. ఆ పిల్ల ఇంటికి వచ్చింది. చట్టం మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంది, దాన్ని ఎవరూ బోనులో నిలబెట్టలేదు.

పిన్ని సెలూన్‌కి మాత్రం కొన్నాళ్లు ఈగలు కూడా రాలేదు. ఆ పిల్ల మెడ మీద గీసిన కత్తి అని అందరికీ ఇప్పుడు తెలుసు కదా, అది కోర్టులో చెప్పింది తనే కదా. ఏ బ్లేడుకి ఆ బ్లేడు కొత్తదేనని గొంతు చించుకుంటే వినేదెవరు? ఒక మధ్యాహ్నం గుమ్మంలో అలికిడైతే తలెత్తింది. కళ్లద్దాల అమ్మాయి. వచ్చి బెంచీ మీద కూర్చోకుండా తిన్నగా కుర్చీలో కూర్చుంది.

"జుట్టు పెరిగిపోయింది పిన్నీ."

పిన్ని తల కడిగింది. డ్రయ్యర్ అందుకుంది. అద్దంలో ఆ పిల్ల పెదాలు కదిలాయి. పిన్ని వెంటనే డ్రయ్యర్ ఆపి, ప్లగ్గు కూడా పీకేసి, "ఇప్పుడు చెప్పు" అంది.

"ఆ రోజు నేనేం చెప్పానో నీకు తెలియాలి కదా అంటున్నాను. నాకిలా ఉంది, మందులు వాడుతున్నాను, నువ్వు లేచి వెళ్లిపోయినా ఏమీ అనుకోను అన్నాను. అతను బెంచీ మీదే కూర్చుండిపోయాడు. తర్వాత, 'ముందు జుట్టు కత్తిరించుకో, నేనిక్కడే కూర్చుంటాను' అన్నాడు." ఆ పిల్ల ఒడిలో చేతులు చూసుకుంది. "అంత మాట అన్నవాడు వాళ్లమ్మ ముందు ఒక్క మాట అనలేకపోయాడు పిన్నీ. ఇప్పుడు రోజూ దుకాణం బయట నిలబడుతున్నాడు. ఏం చెయ్యాలో తెలియట్లేదు."

పిన్నికి నాలుక చివర వంద సలహాలు ఉన్నాయి. ఒక్కటీ ఇవ్వలేదు. తడి జుట్టు తువ్వాలుతో ఒత్తుతూ నిలబడింది. ఆవిడ కళ్లు కూడా తడిసిపోయాయి, సిగ్గుపడలేదు.

ఆ పిల్ల వెళ్లాక కర్టెన్ జరిగింది. కోర్టు నాటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. వదిన వచ్చి ఏమీ అనకుండా, ఆ పిల్ల లేచిన కుర్చీలోనే కూర్చుని, మెడ వంచింది.

"నాకూ తియ్యి. కత్తితోనే."

పిన్ని కొత్త బ్లేడు విరిచింది. మెడ మీద నాలుగు గీతలు గీసేదాకా వదిన ఊరుకుంది, తర్వాత ఆగలేకపోయింది. ఇన్నేళ్లలో ఆవిడ తనంతట తాను కబురు అడగడం అదే మొదటిసారి.

"ఏమే, ఏం చెప్పిందేమిటి ఆ పిల్ల అంతసేపు?"

పిన్ని గోడ దగ్గర ప్లగ్గు పీకి ఉన్న డ్రయ్యర్ వంక చూసింది.

"డ్రయ్యర్ మోతలో నాకేం వినబళ్లేదు వదినా" అంది.